పాత ట్రాక్టరు – బేరము

పాత ట్రాక్టరును కొనబోవువాడు బేరమాడవలెనా, అడిగినంతయు ఇచ్చి తోలుకొని రావలెనా అను సంశయము, అమ్మువాడు వ్యాపారియైనప్పుడు నాకెన్నడును కలుగలేదు. అప్పు తీర్చుటకై అమ్ముకొనుచున్న తోటి రైతు ఎదుట నిలిచినప్పుడే కలుగుచున్నది.

యంత్రములోని లోపమునకు బేరమాడుట న్యాయమే. రాత్రి నుండి చల్లారియున్న ఇంజనును మన కన్నుల ఎదుటనే స్టార్టు చేయించి, ఆయిలు పోయు మూత విప్పి చూచునప్పుడు అచ్చటినుండి పొగ ఎగదన్నుచున్నయెడల పిస్టను రింగులు అరిగినవని అనుమానింపవలెను. రోటవేటరును పైకెత్తి ఇంజను ఆపినపిమ్మట అది క్షణములలో నేలకు దిగజారినచో హైడ్రాలిక్కుకు మరమ్మతు పడినట్లే. వెనుక టైర్ల అరుగుదల సరేసరి. ఈ ఖర్చులను లెక్కగట్టి ఆమేరకు ధర తగ్గింపుమనుట ఉభయులకును మర్యాదయే.

కాని, "వడ్డీ పెరిగిపోతోందట, ఓ వారం ఆగండి, ఆయనే దిగొస్తాడు" అని చెవిలో ఊదు దళారి మాట విని, ఎదుటివాని అక్కరను ఆసరాగా గొని ధరను కోయుట నా దృష్టిలో దోపిడియే. ఈ మాటను మిక్కిలి బాధతో వ్రాయుచున్నాను. నేనైతే మరమ్మతుల లెక్క చెప్పి, ఒక్కమారు అడిగి, ఆతడన్న చివరి మాటకు ఒప్పుకొందును.

ధర ఎంతకు కుదిరినను, ఫైనాన్సు బాకీ లేదను ఎన్‌ఓసీయు, యాజమాన్య బదిలీకి కావలసిన 29, 30 ఫారములపై సంతకములును చేతికందనిదే బయానాకు మించి పైకమీయకుడు.