ధర్మాసుపత్రి సంచి

మా ఇంట్లో తమిళంలో జవాబు చెప్పడం నా పని. హోసూరు పక్కన మా ఊళ్ళో తెలుగువాళ్ళమే ఎక్కువ. అమ్మకు తమిళం అర్థమవుతుంది గానీ నోరు తిరగదు. రేషను కార్డు లెక్కలకు వచ్చినా, కరెంటు మీటరు చూసేవాళ్ళు వచ్చినా తను తలుపు వెనక నిలబడి నన్ను ముందుకు తోస్తుంది. 2019లో, నేను ప్లస్ వన్ చదివేటప్పుడు, ఊరి నర్సమ్మ వచ్చి ఇంట్లో గర్భిణులు ఎవరైనా ఉన్నారా అని అడిగింది. లోపలి గదిలో అక్క వేవిళ్ళతో పడుకుని ఉంది. రెండో నెల. వెనక నుంచి అమ్మ నా జడ పట్టి లాగింది. నేను "ఇల్లె" అన్నాను. నర్సమ్మ నోటుబుక్కులో ఏదో రాసుకుని పక్కింటికి వెళ్ళిపోయింది.

అమ్మను పూర్తిగా తప్పు పట్టలేను. మూడో నెల నిండేదాకా కడుపు సంగతి బయటికి చెప్పకూడదు, దిష్టి తగులుతుందని వాళ్ళమ్మ ఆమెకు చెప్పింది. పైగా అక్క అత్తగారికి ధర్మాసుపత్రి అంటేనే గిట్టదు. "ఊరికే ఇచ్చేది పట్టుకోడానికి మనమేమన్నా అడుక్కునేవాళ్ళమా?" అనేది. ఆ మాట అనే ఇంట్లో ప్రైవేటు నర్సింగ్‌హోముకు కట్టే డబ్బు మాత్రం లేదు. బావ పనిచేసే వర్క్‌షాపులో ఆ ఏడాది వారానికి మూడు రోజులే పని.

చివరికి అక్కను ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళింది అయిదో నెలలో. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 8 వచ్చింది. గర్భిణికి 11 అయినా ఉండాలట. అక్కడ ఆ నర్సమ్మే ఉంది. నన్ను గుర్తుపట్టింది. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. అక్కకు ఐరన్ మాత్రలు ఇస్తూ, "12 వారాల్లోపు పేరు రాయించి ఉంటే మొదటి విడత 2,000 వచ్చేది, ఈ పరీక్షా అప్పుడే అయ్యుండేది" అని మాత్రం అంది. నా వైపు చూడకుండా అంది.

ఆ రోజే నాకు ఆ పథకం సంగతి తెలిసింది. డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి పేరున తమిళనాడు ప్రభుత్వం ఇచ్చే ప్రసూతి సాయం. అప్పటికి మొత్తం 18,000 రూపాయలు. అందులో 14,000 విడతలుగా బ్యాంకులో పడుతుంది, మిగతా 4,000కు రెండు సార్లు పోషకాహారం సంచి ఇస్తారు. ఖర్జూరం, నెయ్యి, ఐరన్ సిరప్పు వగైరా అందులో ఉంటాయి. పేద కుటుంబాలకు, 19 ఏళ్ళు నిండినవాళ్ళకు, మొదటి రెండు కాన్పులకు. పేరు వినగానే అమ్మ "రెడ్డి అంటే మనవైపు వాళ్ళేనా?" అంది. తర్వాత చదివి చెప్పాను. ఆమె పుదుక్కోట్టైలో పుట్టింది. 1912లో మద్రాసు మెడికల్ కాలేజీ నుంచి డాక్టరై బయటికొచ్చింది. 1927లో మద్రాసు శాసన మండలిలో అడుగుపెట్టింది. రెడ్డి అన్నది భర్త సుందర రెడ్డి గారి నుంచి వచ్చింది. అమ్మకు అదే చాలు, ఊరంతా చెప్పుకుంది.

డబ్బు మాత్రం తేలిగ్గా రాలేదు. అక్క పేరు చివర "అమ్మ" ఉంది. ఆధార్‌లో ఉంది గానీ, పాసుపుస్తకంలో ఎవరు ఎక్కించారో, ఆ "అమ్మ" ఎగిరిపోయింది. దాన్ని తిరిగి తెప్పించడానికి బ్యాంకుకు నాలుగు సార్లు తిరిగాం. తెలుగు పేర్లున్న మన ఆడవాళ్ళలో ఈ తిప్పలు పడనివాళ్ళు తక్కువ. మీ ఇంట్లోవాళ్ళవి కూడా ఒకసారి తీసి చూడండి.

బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. 2 కిలోల 100 గ్రాములు. రెండున్నర కిలోలు లేకపోతే తక్కువ బరువు కిందే లెక్క. ఆరు రోజులు పసిపిల్లల వార్డులో అద్దాల వెనక ఉంచారు. నా "ఇల్లె" వల్లే ఇలా అయిందని డాక్టరు అనలేదు, ఎవరూ అనలేదు. ఆ ఆరు రాత్రులూ ఆసుపత్రి వరండాలో చాప మీద పడుకుని నేనే అనుకున్నాను.

మందులకూ రక్తానికీ అక్క భోజనానికీ పైసా అడగలేదు. 2011 నుంచి కేంద్రం పెట్టిన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రిలో కాన్పుకు, జబ్బుపడ్డ పసిబిడ్డకు అవన్నీ ఉచితమే. కానీ అంతా ఉచితమని రాస్తే అబద్ధమవుతుంది. బిడ్డను చూపించడానికి వార్డులో ఒకామె 300 అడిగింది. అమ్మ కొంగుముడి విప్పి ఇచ్చింది. నేను గొడవ పెట్టుకోబోతే మళ్ళీ జడ లాగింది.

అత్తగారు పాలడబ్బా ఇప్పించమని నర్సును పట్టుకుంది. "ఊరికే ఇస్తారంటిరి కదా!" 1992 నుంచీ పాలపొడి డబ్బాలు ఉచితంగా పంచకూడదని చట్టమే ఉందట. నర్సు అక్క పాలే పిండించి పాలాడైతో, అంటే మన ఉగ్గుగిన్నెతో, చుక్క చుక్కగా పట్టించింది.

ఇంటికి పంపే రోజు సంచి ఇచ్చారు. పదహారు వస్తువులు. బిడ్డకు గౌను, తువ్వాలు, చిన్న పరుపు, దోమతెర, నూనె, సబ్బు, షాంపూ, గోళ్ళు కత్తిరించేది, గిలక్కాయ, బొమ్మ. తల్లికి సబ్బు, చేతులు కడుక్కునే మందు, శొంఠి లేహ్యం. అడుక్కునేవాళ్ళమా అన్న అత్తగారే సంచి ఒళ్ళో పెట్టుకుని ఒక్కొక్కటీ తీసి లెక్కపెట్టింది. లేహ్యం వేలితో నాకి, "శొంఠి బాగానే వేశారు" అంది. మమ్మల్ని ఇంటిదాకా దింపిన 102 బండిలో ముందు సీటు ఆమెదే.

గౌను వెంటనే వెయ్యలేదు. పసిబిడ్డకు ముందు పాత బట్టలే వెయ్యాలి కదా. పక్కింటి అవ్వ తన నూలు చీరలు రెండు ఉతికి చింపి పంపింది. అవి తీసుకునేటప్పుడు అత్తగారికి ధర్మం మాట గుర్తు రాలేదు. నేనూ గుర్తుచెయ్యలేదు.

పోయిన నెల సెలవులకు వెళ్ళినప్పుడు నర్సమ్మ మళ్ళీ వచ్చింది. పిన్ని కోడలు మా ఇంట్లోనే ఉంది. నేను నోరు తెరిచేలోగా అమ్మ తలుపు ముందుకొచ్చి, వచ్చీ రాని తమిళంలో "ఇరుక్కు" అని, రెండు వేళ్ళు చూపించింది. పెరట్లో వడియాలు ఎండుతున్నాయి, కాకులు రాకుండా వాటి మీద ఆ దోమతెర బోర్లించి ఉంది.