ఊపిరాడని కొట్టము

మిచిగన్ రాష్ట్రమున డెట్రాయిట్ నగరమునకు సమీపముననున్న పాత పేటలలో 1920 ప్రాంతములందు కట్టిన యిండ్లు నేటికిని పెక్కులు గలవు. ఆ యిండ్లలో కారునుంచు కొట్టము ఇంటి నంటియుండక పెరటిలో వేరుగా నుండును. దానిని గరాజు అందురు. ఇంటిని వెచ్చగా నుంచు యంత్రము గరాజునకు లేదు. మేము కాపురముండు ఇల్లును అట్టిదే. సోదరీమణులారా, ఆ గరాజును బాగుచేయబోయి మేము చేసిన పొరపాటును, దానివలన మా అత్తగారి ఉయ్యాలకు కలిగిన హానిని ఇచట వ్రాయుచున్నాము. కారుకొట్టముతో ఆడువారికేమి పని యని ఎవరైన నందురేమో! ఇంటిలో పట్టని సామానంతయు చేరునది అచ్చటికే. పండుగనాటి పెద్దగిన్నెలు, పాత పుస్తకములు, పిల్లల బట్టల పెట్టెలు, అన్నియు నందే. అవి చెడినప్పుడు మొదట తెలియునదియు ఇల్లాలికే.

ఆ ఉయ్యాల టేకుతో చేసినది. నాలుగు మూలలను నాలుగు చిలుకలు. గోదావరి ప్రాంతపు వడ్రంగి చేతిపని. మావారును, వారి తోబుట్టువులును, పిదప మా అమ్మాయియు అందే ఊగినారు. మునిమనుమలకు పనికివచ్చునని అత్తగారు దానిని ఓడలో పంపించినారు. ఇంట చోటు చాలక దుప్పటి చుట్టి గరాజులో నుంచితిమి.

మొదటి చలికాలమున గరాజులోని నీళ్లసీసా గడ్డకట్టి పగిలినది. నీటితో కలుపు గోడరంగు డబ్బా యొకటి గడ్డకట్టి, కరగిన పిమ్మట విరిగిన పాలవలె నయ్యెను. ఇక ఊరకుండరాదని తరువాతి అక్టోబరులో గాజుదూది చుట్టలు తెచ్చితిమి. ముక్కునకు గుడ్డయు చేతులకు తొడుగులును ధరించి (ఆ నూగు ఒంటికి తగిలినచో దురదకు మేరలేదు) గోడల చట్రముల నడుమ నింపితిమి. దూలముల క్రింద పలకలు కొట్టి అటక యేర్పరచి, దానిపైని మందముగా పఱచితిమి. చూరుసందులనుండి చలిగాలి వచ్చుట చూచి, వానిలోను దూది కుక్కితిమి. తలుపు అంచులకు రబ్బరు పట్టీలు వేసితిమి. ఉన్న చిన్నకిటికీని మేకులతో బిగించితిమి. ఆనాటి మా గర్వము చెప్పరానిది.

చలికాలము వచ్చెను. ప్రతి సాయంకాలమును మావారు మంచు కప్పిన కారును అట్లే లోపల పెట్టుచుండిరి. ఇంజను వేడికి మంచు కరగి నేల తడియగుచుండెను. ఆ తడి ఆవిరియై వెలుపలికి పోవుటకు త్రోవ లేదు. వెచ్చని గాలి ఎక్కువ తేమను మోయును; చల్లబడినకొలది దానిని దింపివేయును. 20 సెంటిగ్రేడు డిగ్రీల వద్ద ఒక ఘనమీటరు గాలి 17 గ్రాముల తేమను పట్టుకొనగా, 0 డిగ్రీల వద్ద 5 గ్రాములకు లోపుగనే పట్టుకొనగలదు. ఇంకను పది డిగ్రీలు దిగినచో అందు సగమే. చల్లని మజ్జిగచెంబునకు వెలుపల చెమ్మ పట్టుట మన మెఱిగినదే కదా! మా గరాజునకు కప్పే ఆ చెంబయ్యెను. పలకల సందులగుండ పైకి పోయిన తేమ, కప్పుచెక్కలకు తగిలి మంచుగా పేరుకొనెను. జనవరిలో ఒకనాడు అటక మూత తీసి దీపము వేసి చూడగా, చెక్కలనుండి పొడుచుకొని వచ్చిన మేకుల మొనలన్నియు తెల్లని మంచునూగుతో మెఱయుచుండెను. మల్లెమొగ్గలవలె నున్నవని ముచ్చటపడితిమే గాని, అది హెచ్చరిక యని ఎఱుగమైతిమి.

మార్చిలో ఎండ కాయగానే వెలుపల వాన లేకున్నను గరాజులో వాన కురిసెను. దూది నానినది, పలకలు ఉబ్బినవి. ఏప్రిలులో మా అమ్మాయి గర్భవతి యని తెలిసి, ఆ సంతోషముతో ఉయ్యాలకొఱకు పోయితిమి. దుప్పటి విప్పగానే ముక్కవాసన కొట్టెను. చెక్కపై నల్లని బూజు. ఇత్తడి గొలుసులకు పచ్చని చిలుము. ఒక చిలుకముక్కు చేతికూడివచ్చెను. మేము చాలసేపు అచ్చటనే కూర్చుంటిమి. వచ్చేనెలలో అత్తగారు రానుండిరి, ఆమెకేమని చెప్పుదుము?

చెప్పవలసిన అవసరము కలుగలేదు. ఆమె వచ్చిన మఱునాడే గరాజులోనికి పోయి, ఊడదీసిన పలకల నడుమనుండి పైకి చూచినారు.

"చూరంతా కుక్కేశారేమే అమ్మాయీ?"

"గాజుదూదండీ అత్తయ్యగారూ, చలి రాకుండా."

"చలి రాకపోతే సరి. లోపలి చెమ్మ ఎటు పోతుందే? మన బండికొట్టానికి చూరు ఎప్పుడైనా మూశామా?"

నిజమే. తాటాకు కప్పైనను, పెంకుటిల్లైనను మన వైపు గోడకును కప్పునకును నడుమ గాలి ఆడుచుండును. ఆ కొట్టములలో మేము ఆడుకొనినవారమే. ఆ సందు ఎందులకో ఏనాడును అడిగినవారము కాము.

జూనులో పని మరల మొదలుపెట్టితిమి. నానిన దూది పారవేసితిమి. మా గరాజు 20 అడుగుల వెడల్పు, 24 అడుగుల పొడవు; అనగా 480 చదరపు అడుగులు. అమెరికా గృహనిర్మాణ నియమముల ప్రకారము అటక వైశాల్యములో 150వ వంతు గాలిరంధ్రము లుండవలెను. చూరువద్ద సగము, కొప్పునకు సమీపమున సగము ఏర్పరచి, మఱికొన్ని నియమములు పాటించినచో 300వ వంతు చాలును. మేము కాలినవారము గనుక పెద్దలెక్కనే పట్టి 3.2 చదరపు అడుగులు ఉంచితిమి. ఉడుతలకు, కందిరీగలకు అడ్డముగా వేసిన వలతీగ ఆక్రమించు చోటు ఇందు లెక్కకు రాదు. చల్లగాలి చూరున ప్రవేశించి, తేమను తీసికొని కొప్పునుండి పోవును. దూది ముందుకు జరిగి మరల చూరును మూయకుండ, వాసముల నడుమ పలుచని రేకులు నిలిపి, వానికిని కప్పునకును నడుమ అంగుళము సందుంచితిమి. క్రొత్తదూదిని నొక్కక వదులుగా పఱచితిమి; చలి నాపునది దానిలో చిక్కుకొన్న గాలియే. కిటికీ మేకులు తీసివేసితిమి. ఇప్పుడు కారుమీది మంచును చీపురుతో దులిపిన పిదపనే లోనికి తెచ్చుట, నేలతడిని తలుపువైపునకు ఊడ్చుట మావారి పని.

నేలనుండి చెమ్మ ఊరుచున్నదేమో యని ఒక ప్లాస్టిక్ గుడ్డను నేలపై పఱచి అంచులంటించి మఱునాడు చూచితిమి. అడుగున కొద్దిగా తడి కనబడినది. నాటినుండి పెట్టెలన్నియు ఇటుకలమీది బల్లపైననే.

ఇంత చేసినను గరాజు వెచ్చనగునని తలపరాదు. దూది ఉన్నవేడిని నిలుపునే గాని, లేనివేడిని పుట్టింపలేదు. గోడరంగు, పచ్చడిసీసాలు ఇప్పుడు ఇంటిలోనే యుంచుచున్నాము. కారింజనును గరాజులో నడిపించి వెచ్చజేసికొనువారిని చూచియున్నాము; తలుపు తెఱచియున్నను అది ప్రాణాపాయము. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. గాలిరంధ్రము లున్నవిగదా యని దానితో చెలగాటమాడరాదు.

ఉయ్యాలను అత్తగారు స్వయముగా తుడిచి, నీడను ఆరబెట్టి, నూనె పట్టించినారు. నల్లమచ్చలు కొన్ని పోలేదు. ఊడిన చిలుకముక్కును అతికింతుమన్న మావారిని ఆమె వారించినారు. "జిగురు పసివాడి నోట్లోకి పోతుంది, ఉండనీరా" అన్నారు. డిసెంబరులో పుట్టిన మా మనుమడు ఆ ముక్కులేని చిలుకవైపే చూచుచు నిద్రపోవుచున్నాడు.

ఈ జనవరిలో అటక మూత తీసి దీపము వేసి చూచితిమి. మేకులు నల్లగా, పొడిగా, వట్టి మేకులుగనే యున్నవి.