మైపాడులో వేడినీళ్ళ కొరకు

క్రిస్మస్ ముగిసిన మరునాడు మేము ఇంటిల్లిపాదీ నెల్లూరు నుండి మైపాడు వెళ్ళాము. దూరం పాతిక కిలోమీటర్ల లోపే. ఇందుకూరుపేట దాటేవరకు పెన్న కాలువల క్రింద వరిమళ్ళు పచ్చగా కనబడతాయి. ఆ తరువాత రొయ్యల చెరువులు, బకింగ్‌హాం కాలువ, చివరకు ఇసుక, సరుగుడు తోటలు. పిల్లలు సముద్రాన్ని చూడకముందే దాని హోరు విని కేకలు వేశారు.

మా అమ్మకు మోకాళ్ళ నొప్పులు. వేడినీళ్ళు లేనిదే ఆమె స్నానం చేయలేదు. మూడు రోజులకు అద్దెకు తీసుకున్న ఇంటిలో గీజరు ఉందని విని సంతోషించాము. తీరా స్విచ్ వేస్తే, లోపల గులకరాళ్ళు దొర్లినట్లు గుడగుడమని ఒకటే శబ్దం. అరగంట గడిచినా నీళ్ళు గోరువెచ్చగానైనా కాలేదు. బకెట్టు తాకిన అమ్మ, "జివ్వుమంటోందిరా" అన్నది. వెంటనే మెయిన్ కట్టేశాము.

ఇందుకూరుపేట నుండి ఒక మెకానిక్ కుర్రవాడు వచ్చాడు. మొదట గీజరు క్రింద తడిమి చూచి తల పట్టుకున్నాడు. "అన్నా, ఇది చూడండి" అన్నాడు. నీళ్ళు వేడెక్కి ఉబ్బినప్పుడు కొంచెం బొట్టు బొట్టుగా వదిలే సేఫ్టీ వాల్వు ఒకటి ఉంటుంది. అది కారుతోందని ఎవరో దాని నోటిలో చెక్క బిరడా కొట్టారు! లోపల ఒత్తిడి పెరిగితే ట్యాంకు పగిలిపోవచ్చు. అదే గదిలో ఉదయం మా పిల్లలు స్నానానికి క్యూ కట్టారు. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ మాకు ఒళ్ళు జలదరిస్తుంది.

మూత విప్పితే కాయిల్ కనబడలేదు. దాని చుట్టూ కోడిగుడ్డు పెంకులా తెల్లని గార. మా అమ్మమ్మ ఇంటి నీళ్ళ కాగు అడుగున ఉండేది కూడా ఇదే. కఠిన జలంలో కరిగి ఉన్న సున్నం నీళ్ళు కాగగానే విడిపోయి లోహానికి పట్టుకుంటుంది. నీళ్ళు ఎంత ఎక్కువ కాగితే అంత ఎక్కువ పడుతుంది. గార మందమైతే వేడి నీళ్ళకు చేరదు, కాయిల్ కాలి చిట్లుతుంది. అమ్మకు తగిలిన జివ్వు అదే. ఎర్త్ తీగె కూడా ఉప్పుగాలికి తుప్పుపట్టి తెగి ఉంది.

తాగేనీటిలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకూడదనీ, వేరే నీళ్ళు దొరకనప్పుడు 600 వరకు సరిపెట్టుకోవచ్చనీ మన దేశపు ప్రమాణం. అయితే ఈ తీరంలో సున్నం ఒక్కటే శత్రువు కాదు, ఉప్పు కూడా. ఉప్పు గార కట్టదు, లోహాన్ని తింటుంది. స్టీలు ట్యాంకునైనా సూదిపోటుల్లా తొలిచేస్తుంది. సున్నాన్ని తీసే సాఫ్టెనర్ పెట్టినంత మాత్రాన ఉప్పు పోదు.

ఇక్కడి వారికి ఈ సంగతి నాలుకకే తెలుసు. పొరుగింటి పెద్దమ్మ, "బోరు నీళ్ళు కాచుకుంటారా ఎవరైనా? చెలమ నీళ్ళు తెచ్చుకోండి నాయనా" అన్నది. ఇసుక దిబ్బలలో ఇంకిన వాననీరు తేలిక గనుక బరువైన ఉప్పునీటి మీద తేలి ఉంటుంది. పైపైన తవ్వితే తియ్యన. ఆశపడి లోతుకు బోరు దింపి ఎక్కువగా తోడితే క్రింది ఉప్పు పైకి వస్తుంది.

ఆ కుర్రవాడు ముందు ట్యాంకులోని మెగ్నీషియం కడ్డీ తీసి ప్రక్కన పెట్టాడు. ట్యాంకు తుప్పుపట్టకుండా తానే అరిగిపోవడానికి పెట్టిన కడ్డీ అది. ఉప్పునీళ్ళయితే ఏడాదికొకసారైనా విప్పి చూడాలట. తరువాత నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళు పోసి గారను నానబెట్టాడు. బాత్‌రూములు కడిగే యాసిడ్ పోస్తే త్వరగా పోదా అని మేమడిగాము. "గారతోబాటు ట్యాంకు కూడా పోతుందన్నా" అన్నాడు. రాగి గొట్టానికి ఇనుప గొట్టం నేరుగా తగిలిస్తే ఇనుము త్వరగా చెడుతుందని కూడా చూపించాడు. కొత్త కాయిల్, కొత్త వాల్వు, ఎర్త్ తీగె బిగించి, థర్మోస్టాట్‌ను 50 డిగ్రీల దగ్గర ఉంచాడు. స్నానానికి అది చాలు. వాల్వుకు సన్నని గొట్టం తగిలించి, కారే బొట్లు కాలువలోకి పోయేలా చేశాడు. బిరడా కొట్టడం కంటె ఇది ఎంత సులువు!

మరునాడు అమ్మ కడుపునిండా చేపల పులుసు తిని, తృప్తిగా స్నానం చేసింది. స్విచ్ ఆపిన తరువాతనే నీళ్ళు పట్టుకోవాలని మనవలకు ఆమే కాపలా కాసింది. తిరిగి వచ్చేటప్పుడు ఇల్లు ఎన్నాళ్ళు మూసి ఉంటుందో తెలియదు గనుక కరెంటు ఆపి, ట్యాంకు ఖాళీ చేసి, నీళ్ళు నింపకుండా స్విచ్ వేయవద్దని కాగితం అంటించి వచ్చాము.

ఇంటికి వచ్చిన ఆదివారం సాయంత్రం మా గీజరు కూడా విప్పించాము. కొని ఆరేళ్ళయింది, ఒక్కసారీ తెరువలేదు. కడ్డీ స్థానంలో నడిమి ఇనుప తీగె మాత్రమే మిగిలి ఉంది.