మా అమ్మమ్మకి శృతి ఉంది

ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవానికి మన పాటలతో ట్రాకులు చేద్దామని మొన్న ఇక్కడే అనుకున్నాం కదా. అప్పట్నుంచి "గిటార్‌లోంచి సన్నాయి ఎట్టా వస్తది, కంప్యూటర్‌కి ఎట్టా ఎక్కిస్తావు" అని నలుగురైదుగురు విడివిడిగా అడిగారు. అందరికీ కలిపి ఒకేసారి రాస్తున్నా. పోస్టు పెద్దదవుద్ది, తీరిగ్గా చదవండి.

తెలియనివాళ్ళ కోసం: మాది పామర్రు పక్కన. యానాదులం. మా తాత వరిచేలల్లో ఎలుక బుట్టలు పెట్టేవాడు, ఇప్పుడు మామయ్య పెడుతున్నాడు. నేను విజయవాడ హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతూ, ముహూర్తాల సీజన్లో పెళ్ళి ఆర్కెస్ట్రాలో గిటార్ వాయిస్తా.

పోయినేడు మా అమ్మమ్మ పాట ఒకటి విజయవాడలో ఒక స్టూడియోలో రికార్డు చేయించాను. కోతలయ్యాక చేలో బుట్టలు పెట్టి, రాత్రి కాలవగట్టు మీద కాపలా ఉన్న మనిషిని ఇంటికి రమ్మని ఇంటావిడ పిలిచే పాట అది. ఆపరేటర్ కింద కీబోర్డు కార్డులు పరిచాడు, గొంతుని సాఫ్ట్‌వేర్‌లో వేసి సరిచేశాడు. "పెద్దావిడకి శృతి లేదు బాబూ, నేను లాగి పెట్టాను" అన్నాడు. ఇంటికెళ్ళి ఫోన్లో వినిపిస్తే అమ్మమ్మ అంతా విని, "ఎవుర్రా పాడింది, బాగానే పాడింది" అంది.

ఆ మాట నాకు నిద్రపట్టనివ్వలేదు. శృతి లేదు అన్నమాట నిజమా కాదా, తేల్చాలనిపించింది. గిటార్ సింథ్ జోలికి వెళ్ళింది అందుకే, సన్నాయి మోత కోసం కాదు.

ముందు కీబోర్డు సంగతి. స్థాయికి పన్నెండు మెట్లు, రెండు మెట్ల మధ్య ఏమీ లేదు. ఒక మెట్టుకీ పక్క మెట్టుకీ ఉన్న దూరాన్ని 100 సెంట్లు అంటారు. ఎకరానికి వంద సెంట్లు ఉన్నట్టే అనుకోండి. సెంటున్నర ఇళ్ళ స్థలం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన మనకి సెంటు విలువ ఎవరూ నేర్పక్కర్లేదు. గొంతు ఆ వంద సెంట్లలో ఎక్కడైనా నిలబడగలదు, కీబోర్డు మాత్రం రెండు గట్ల మీదే నిలబడుతుంది. ఈ తగాదా కొత్తదేం కాదు. జారుడు పలకదని, శృతి కుదరదని హార్మోనియంని ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా పక్కన పెట్టింది. ఇప్పటి కీబోర్డులకి పక్కన ఒక చక్రం ఉంటుంది, తిప్పితే స్వరం వంగుతుంది. కానీ ఆ చానల్లో మోగుతున్న స్వరాలన్నీ కలిసి వంగుతాయి. గిటార్‌లో అయితే ఏ తీగ వంచితే ఆ తీగే వంగుద్ది.

ఇక మిడి. మిడి అంటే శబ్దం కాదు, కబురు. "60వ నంబరు స్వరం, ఇంత బలంగా, ఇప్పుడు మొదలు, ఇప్పుడు ఆపు" అని తీగలో వెళ్ళే కబురు, అంతే. అమెరికాలో డేవ్ స్మిత్, జపాన్లో రోలాండ్ కంపెనీ పెట్టిన ఇకుతారో కకెహాషి పూనుకుని, ఏ కంపెనీ వాయిద్యమైనా ఇంకో కంపెనీ వాయిద్యంతో మాట్లాడేట్టు దీన్ని తెచ్చారు. 1983 జనవరిలో రెండు వేరే కంపెనీల కీబోర్డులని కలిపి చూపించారు. 2013లో ఇద్దరికీ టెక్నికల్ గ్రామీ ఇచ్చారు. కబురే కాబట్టి, అవతల వినే పెట్టె ఏ గొంతుతో పలకాలంటే ఆ గొంతుతో పలుకుద్ది. గిటార్ మీటితే సన్నాయి వచ్చేది అట్టా.

నా దగ్గరున్నది రోలాండ్ జీఆర్-20, 2004 నాటి మోడల్. ఆర్కెస్ట్రా మానేసిన ఒక అన్న దగ్గర వాయిదాల మీద కొన్నా. గిటార్ మీద జీకే-3 అనే సన్నటి పికప్ బిగించాలి. మామూలు పికప్ ఆరు తీగల మోతనీ కలిపి ఒకటే చేసి పంపుతుంది. ఇది ఏ తీగకి ఆ తీగని విడిగా వింటుంది. అందుకే దాని కేబుల్‌కి 13 పిన్నులు. పెట్టె ఒక్కో తీగ ఊగుడుని లెక్కగట్టి అది ఏ స్వరమో కనిపెట్టి, మిడి కబురుగా మార్చి బయటికి పంపుతుంది. అక్కణ్ణుంచి యూఎస్‌బీ మిడి కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి.

మన తమ్ముళ్ళు ఇబ్బంది పడేది ఇక్కడే, కాస్త నిదానంగా చెప్తా. మిడిలో 16 చానల్స్ ఉంటాయి. కాలవ నించి పదహారు బోదెలు తీసినట్టు. గిటార్‌ని మోనో మోడ్‌లో పెడితే ఆరు తీగలకి ఆరు బోదెలు, ఒక తీగ వంపు ఇంకో తీగకి పారదు. అన్నిటినీ ఒకే చానల్లోకి వదిలితే మళ్ళీ కీబోర్డు చక్రం కథే. సాఫ్ట్‌వేర్‌లో కూడా ఆరు చానల్స్‌కీ ఒకే వాయిద్యం పెట్టుకోవాలి.

రెండోది, వంపు రేంజి. గిటార్ పెట్టె 12 మెట్ల రేంజి లెక్కన పంపుతుంటే, అవతల సింథ్ 2 మెట్లని అనుకుంటే, మీరు పెద్ద జారుడు జారితే అది చిన్న వంకర తిరుగుద్ది. రెండు వైపులా ఒకే అంకె ఉండాలి. సగం మంది "గిటార్ సింథ్ శృతి తప్పుద్ది" అనడానికి కారణం ఇదే. ఇక ఆలస్యం. లావు తీగ సెకనుకి 82 సార్లు ఊగుతుంది, అంటే ఒక్క ఊగుడుకే 12 మిల్లీసెకన్లు. ఒకటి రెండు ఊగుళ్ళు చూడందే పెట్టెకి స్వరం తెలీదు. సన్న తీగకి ఒక ఊగుడు 3 మిల్లీసెకన్లే. అందుకని కింది స్వరాలు కావాల్సినా సన్న తీగల మీద వాయించి, తర్వాత కంప్యూటర్‌లో 12 మెట్లు దించుకోండి. ల్యాప్‌టాప్‌లో ఏసియో డ్రైవర్ వేసుకుని బఫర్ 256కి తగ్గించండి, దాదాపు 6 మిల్లీసెకన్లకి వస్తుంది. మరీ చవక యూఎస్‌బీ కేబుళ్ళు వద్దు. ఆరు తీగల వంపుల కబుర్లు వరదలా వస్తే అవి మింగేస్తాయి, స్వరం ఆగకుండా మోగుతూనే ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. అమ్మమ్మ పాటని ఇంటి వసారాలో నా ఫోన్లో మళ్ళీ రికార్డు చేశా, కోళ్ళ కూతలతో సహా. గిటార్ ఆధారశృతి ఆమె గొంతుకి కలిపా. హెడ్‌ఫోన్లో ఆమె పాడుతుంటే ఒక్కో స్వరం దగ్గర ఆపి, నా తీగ, ఆమె గొంతు కలిసిపోయేదాకా వంచుతూ వాయించా. కంప్యూటర్ ఆ వంపుని అంకెల్లో రాసుకుంటుంది. రేంజి రెండు మెట్లకి పెడితే ఒక్కో దిక్కుకి 8,192 గీతలు, సెంటుకి దాదాపు 41 గీతలు. ఇంతకన్నా సన్నటి కొలత మనకి అక్కర్లేదు.

పల్లవి ఆమె ఆరుసార్లు పాడింది. స్టూడియోలో లాగి పెట్టిన స్వరం మూడోది, గాంధారం. ఆరుసార్లూ అది చిన్న గాంధారానికి పైన 38కీ 44కీ సెంట్ల మధ్యే నిలబడింది. ఆరుసార్లూ! శృతి లేని మనిషి ఒకసారి 10 దగ్గర, ఇంకోసారి 70 దగ్గర పడాలి కదా. "అది నీ వేళ్ళ లెక్క, ఆమె గొంతు లెక్క కాదు" అని మీలో ఎవరైనా అంటారని, ఫోన్ రికార్డింగ్‌ని గొంతు గీతలు చూపించే సాఫ్ట్‌వేర్‌లో కూడా పెట్టి చూశా. అదే చోటు. కీబోర్డు మీద ఆ చోటికి మెట్టు లేదు, అంతే తేడా.

మన జిల్లాల్లో తీగని నమ్ముకున్నవాళ్ళు ముందే ఉన్నారు. పాలకొల్లు మాండొలిన్ శ్రీనివాస్, పరాయి వాయిద్యం మీద గమకం ఎక్కడ పలుకుద్ది అన్నవాళ్ళ ముందే, జంట తీగలు తీసేసి అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించాడు. ఆయనతో రిమెంబర్ శక్తి బృందంలో వాయించిన జాన్ మెక్‌లాఫ్లిన్ 1984లోనే మహావిష్ణు ఆల్బమ్‌లో గిటార్‌ని సింథ్‌కి కలిపి వాయించాడు. శ్రీనివాస్ 2014లో, 45 ఏళ్ళకే పోయాడు. కీబోర్డు తక్కువని నేననడం లేదు. మన బందరులో పుట్టిన మణిశర్మ కీబోర్డు మీదనించే అంత ఎత్తుకెళ్ళాడు. ఆర్కెస్ట్రాలో నాకు అన్నం పెట్టేదీ కీబోర్డు పక్కనున్న కుర్చీయే.

పామర్రు సెంటర్లో అవనిగడ్డ బస్సెక్కితే కాసేపట్లో కూచిపూడి. పక్కనే క్షేత్రయ్య పుట్టిన మొవ్వ. వాళ్ళ పదాలకి పుస్తకాలున్నాయి, కళాపీఠం ఉంది, స్వరం తప్పితే సరిచేసే గురువులున్నారు. అదే రోడ్డు పక్క పాకల్లో మనవాళ్ళు పాడిన పాటలకి ఏముంది? పాడే మనిషి పోతే పాట పోయినట్టే. మా అమ్మమ్మకి తెలిసినవి పదకొండు పాటలు. రెండు పాటల్లో చివరి చరణాలు ఇప్పటికే మర్చిపోయింది.

డీజే మిక్స్ కావాలన్న తమ్ముళ్ళకి నేను అడ్డం కాదు. ఎగరండి, నేనూ ఎగురుతా. కాకపోతే నా ఫైళ్ళు వాడేవాళ్ళు రెండు పనులు చెయ్యండి. ఒకటి, క్వాంటైజ్ నొక్కొద్దు. ఆమె తాళం ఊపిరికి తగ్గట్టు సాగుద్ది, గడియారానికి తగ్గట్టు కాదు. డప్పు లూప్‌నే ఆమె వెనక నడిపించండి. రెండు, కార్డులు వేసేటప్పుడు ఆ మూడో స్వరాన్ని వదిలెయ్యండి. కింద ఆధారం, పంచమం చాలు. చిన్న గాంధారమో పెద్ద గాంధారమో కీబోర్డు మీద నొక్కారంటే ఆమె గొంతు తప్పులా వినపడుద్ది. పేరు వేసేటప్పుడు "జానపదం" అని వదిలెయ్యకుండా పాడినామె పేరు ముందు వెయ్యాలి. పేరు ఎట్టా రాయాలో, అసలు రాయొచ్చో లేదో ఆమెని అడిగాకే. మా అమ్మమ్మ "నా పేరెందుకురా, మా అమ్మ పేరు ఎయ్యి, నేర్పింది ఆమె" అంది. అట్టాగే వేస్తున్నా.

ఇప్పటిదాకా నాలుగు పాటల మిడి ఫైళ్ళు, వాటి అసలు రికార్డింగులు డ్రైవ్‌లో పెట్టా. లింకు అడ్మిన్ అన్న దగ్గరుంది. అయిదోది మొదలుపెట్టాలి. అవనిగడ్డ, నాగాయలంక వైపు మనవాళ్ళెవరైనా ఉంటే ఒక సాయం చెయ్యండి. గట్టు మీద మనిషిని పిలిచే ఆ పాట మీ ఇళ్ళల్లో ఎవరైనా పాడతారేమో అడగండి. ఏమీ సరిచెయ్యకుండా, పక్కన ఏ వాయిద్యం లేకుండా ఫోన్లో రికార్డు చేసి పంపండి. వాళ్ళ గాంధారం ఎక్కడ నిలబడుద్దో చూడాలి.