గుర్తుంచుకునే యంత్రం

నేను ఆరో తరగతిలో ఉండగా నాన్న కంప్యూటరని చెప్పి, కీబోర్డున్న టీవీ గేమ్ ఒకటి కొనుక్కొచ్చాడు. "నిన్ను ముంచేశారన్నయ్యా, ఇది వట్టి వీడియో గేము" అని బాబాయి నవ్వాడు. దాంతో వచ్చిన బేసిక్ కాసెట్‌లో ఎక్కాల ప్రోగ్రామ్ రాశాను. కరెంటు పోయింది, ప్రోగ్రామూ పోయింది. బాబాయి మాటే నిజమనుకున్నాను.

ఈమధ్య అటక మీంచి దించి విప్పాను. 1983 నాటి నింటెండో ఫామికామ్‌కి నకలది. ప్రాసెసర్ 6502 జాతిది, ఆపిల్ టూలో ఉన్నదీ ఆ జాతే. లెక్క చెయ్యడంలో లోటేమీ లేదు. లేనిదల్లా జ్ఞాపకం. ప్రాసెసర్ పని చేసుకోడానికి 2 కిలోబైట్లు, రాసింది దాచుకోడానికి ఏమీ లేదు. నింటెండో కూడా 1984లో ఫ్యామిలీ బేసిక్ తెచ్చినప్పుడు, దాచుకోడానికి టేప్ రికార్డరు తగిలించుకునే వీలు పెట్టింది.

నేను కాసెట్‌లో 8 కిలోబైట్ల మెమరీ చిప్పు, దానికో బటన్ బ్యాటరీ, సొంతంగా రాసుకున్న బుల్లి బేసిక్ పెట్టాను. మూడు వారాంతాలు పట్టింది. ఎక్కాల ప్రోగ్రామ్ మళ్ళీ రాసి, ప్లగ్గు పీకి, తిరిగి పెట్టి చూశాను. చెక్కుచెదరలేదు.

నాన్నకి వీడియో కాల్‌లో చూపించాను. కాసేపు చూసి, "మీ బాబాయికి కూడా చూపించరా" అన్నాడు.