పావుకిలో కైమా

మా తెలంగాణ ఇండ్లలో ఆదివారం పూట "ఇయాల కూర తెచ్చిండ్రా?" అని అడిగితే వంకాయలనో బీరకాయలనో ఉద్దేశించి కాదు. ఆ నాటి కూర అంటే మాంసమే. కూరగాయ, ఆకుకూర అనే మాటలలో తోటకు చెందిన శబ్దం మా వాడుకలో కటికవాని దుకాణం దాకా నడిచి వచ్చింది. ముప్పయ్యేళ్ళకు పైగా తెలుగు పాఠం చెప్పినవాణ్ణి గనుక ఇటువంటి మాటల వెంట పడడం నాకు అలవాటు. తోట కూర, ఆదివారపు కూర ఒకే బాండలిలో కలిసే వంటకం గురించి ఈ టపా.

ఆ వంటకం కైమా. సన్నగా తరగడమనే అర్థమున్న తురుష్క ధాతువు పారశీకం మీదుగా ఉర్దూలోకి వచ్చి ఖీమా అయింది. మన నాలుక మీద అది కైమాగా మారింది. "కైమా కొట్టేస్తా" అని బెదిరించే జాతీయం కూడా మనకుంది.

ఇక అసలు విషయం. నా శ్రీమతికి అరవై నాలుగేళ్ళు. దీర్ఘజ్వరం ఒకటి ఆమెను నెల రోజులు మంచాన పడవేసి, లేచేనాటికి బరువును నలభై ఒక్క కిలోలకు దించింది. దవడపళ్ళు మునుపే పోయినవి. మాంసపు ముక్క నమలలేదు. పప్పు చూస్తే మొహం తిప్పుకుంటుంది. "కండ కరిగిపోయింది, మాంసకృత్తులు పెంచండి" అన్నారు వైద్యులు. పిల్లలు దూరదేశాన ఉన్నారు. నాచారంలోని ఈ ఇంట్లో మిగిలినది మేమిద్దరమే. కనుక గరిటె నా చేతికి వచ్చింది.

మా నాచారానికి కూతవేటు దూరంలో, తార్నాకలో, జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. 1918లో కూనూరులో మెకారిసన్ దొర ఆరంభించిన పరిశోధన 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. ఆ సంస్థ 2020 నాటి లెక్క ప్రకారం ఆరోగ్యవంతులైన పెద్దలకు శరీర బరువులో కిలోకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. నలభై ఒక్క కిలోలకు అది సుమారు 34 గ్రాములు. జబ్బు పడి లేచినవారికి అంతకన్న ఎక్కువే కావాలంటారు. పావుకిలో మేకమాంసంలో దాదాపు 50 గ్రాములుంటాయి. దానిని ఇద్దరం రెండు పూటలా పంచుకుంటే పప్పు, పెరుగు తక్కినది చూసుకుంటాయి. పళ్ళెంలో సగం కూరగాయలు, పండ్లు ఉండాలన్నది 2024లో ఆ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల సారం. అందుకే పావుకిలో కైమాకు అంతే తూకం కూరగాయలు.

ఉప్పల్ కూడలి దాటి, మెట్రో స్తంభాల పక్కనున్న దుకాణంలో తొడమాంసం చూపించి, "చేత్తోనే కొట్టు నాయనా" అంటాను. చింతమొద్దు మీద కత్తితో కొట్టిన కైమా పలుకుగా ఉంటుంది. యంత్రంలో వేసినది ముద్దవుతుంది. మాంసపు నారలు కత్తివాటుకు ముందే తెగిపోతాయి గనుక ముక్కలకు పట్టే సమయం దీనికి పట్టదు. కొట్టిన మాంసం తొందరగా చెడుతుంది, తెచ్చిన పూటే వండాలి. ముక్కలో పైపైననే ఉండే సూక్ష్మజీవులు కైమాలో లోపలంతా కలిసిపోతాయి. ఎక్కడా ఎరుపు కనబడకుండా, 71 డిగ్రీల వేడి తగిలేలా ఉడకాలని పెద్దలు చెప్పేది అందుకే.

ఇనుప బాండలిలో రెండు చెంచాల నూనె, రెండు లవంగాలు, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి. ఉల్లి రంగు తిరగగానే అల్లం వెల్లుల్లి ముద్ద, పసుపు, ఆపై జల్లెడలో వడగట్టిన కైమా. మూత పెట్టరాదు. నీరున్నంతసేపు బాండలిలో వేడి నూరు డిగ్రీలు దాటదు. మాంసం ఉడుకుతుంది గాని వేగదు. నీరింకి చిటపట మొదలైనాకనే రంగు, కమ్మదనం వస్తాయి. ఆ మార్పును 1912లో మయార్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వివరించాడు. మన అమ్మలకు ఆ చిటపటే శాస్త్రం. అప్పుడు ఉప్పు, కారం, ధనియాల పొడి. కైమా పలుకంత సన్నగా తరిగిన క్యారెట్టు, బీన్స్, గుప్పెడు బఠాణీ. అర గ్లాసు నీళ్ళు చిలకరించి, ఇప్పుడు మూత. పది నిమిషాలకు అన్నీ మెత్తబడతాయి. చివర మెంతికూర వేసి రెండు నిమిషాలు తిప్పి దించడమే. తరుగుడు పోను అరగంట పని.

మెంతి చేదు ఎందుకంటే, జ్వరం నాలుకకు తీపి వెగటు, చప్పిడి వెగటు. చిరుచేదు మాత్రం దానిని తట్టి లేపుతుంది. మొదటి వారం ఆమె రెండు ముద్దలతో సరిపెట్టింది. మూడవ వారం ఒక పూట, "ఏమండీ, అడుగున ఏమన్నా మిగిలిందా?" అని అడిగింది. ముప్పయ్యేళ్ళ ఉద్యోగంలో ఏ తనిఖీ అధికారి మెచ్చుకోలూ నాకంత సంతోషాన్నివ్వలేదు. రెండు నెలలు గడిచేసరికి తూకం నలభై నాలుగు చూపింది. అదంతా కైమా మహిమ అనను. మందులున్నవి, విశ్రాంతి ఉన్నది. కాని తినాలన్న కోరిక మాత్రం ఆ బాండలి దగ్గర పుట్టింది.

పొద్దుటి నడకలో కలిసే నా ఈడు మిత్రులు "ఈ వయసులో మనకు వంటేమిటి సార్!" అని నవ్వుతారు. ఈ వయసులోనే కావాలి అంటాను. ఇద్దరు ముసలివాళ్ళున్న ఇంట్లో ఒకరు పడితే రెండవవారే గదా వంటమనిషి. నలభీమ పాకాలక్కరలేదు, అరగంటలో మెత్తగా వండగల కూర ఒక్కటి చేతికి రావాలి. మాంసం తిననివారు ఇదే పద్ధతిలో పనీరు చిదిమి వేసుకోవచ్చును.

గోంగూరతోనో దోసకాయతోనో కైమా వండేవారు మీలో ఉంటారు. ఏది ఎప్పుడు వేయాలో, పళ్ళు లేనివారికి ఏది మెత్తగా కుదురుతుందో తెలియజేయగలరు. వచ్చే ఆదివారానికి మా ఇంట్లో అక్కరకు వస్తుంది.