వంటింటి గీత

మా బ్రహ్మంగారిమఠమున ఏ వింత పొడసూపినను "అయ్యవారు ఏనాడో చెప్పినారు" అనుట వాడుక. వైశాఖ శుద్ధ దశమి ఆరాధనకు వచ్చిన జనము తరలిపోయి, వీధులలో సందడి సద్దుమణగిన యొక సాయంకాలమున, మా మేనల్లుడు బెంగుళూరునుండి దిగి, రొట్టెల పీటకు పిడి తగిలించినట్లున్న నాలుగు ప్యాడిల్‌లను, ఒళ్ళెల్ల తూట్లుగల ప్లాస్టిక్ బంతులను వెలికిదీసి, నూర్పిళ్ళు మానిన మా పాత కళ్ళమున ముగ్గుపిండితో గీతలు గీయ నారంభించినప్పుడు నాకును ఆ మాటయే స్ఫురించినది. కాలజ్ఞానమున పికిల్‌బాల్ ప్రసక్తి కలదని చెప్పినవారిని మాత్రము నేనింతవరకు ఎరుగను.

1965లో అమెరికాలోని బెయిన్‌బ్రిడ్జ్ దీవియందు జోయెల్ ప్రిచర్డ్, బిల్ బెల్ అను మిత్రులు, పొద్దుపోక విసిగిన పిల్లలకై షటిల్ ఆడింపబోయి, తగిన సామగ్రి దొరకక, చేతికందిన దానితో కల్పించిన క్రీడ యిది. కావుననే నేటికిని కోర్టు షటిల్ డబుల్స్ కొలతయే: 44 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. వల నడుమ ఎత్తు 34 అంగుళములు. మేము వలకు మారుగా నా పాత పంచె కట్టితిమి.

నాది బాల్ బ్యాడ్మింటన్ చేయి. తంజావూరు సీమలో పుట్టిన ఆ యాటలో ఉన్నిబంతి నేల తాకెనా, కథ ముగిసినట్లే. ఇందులోనన్ననో సర్వీసు ఒకమారు, దాని జవాబు ఒకమారు నేలపై పడి లేచువరకు ఎవ్వరును ముట్టరాదు. యౌవనమెల్ల బంతిని పడనీయకుండుటయందే అరుగదీసిన వానికి, చేతులు కట్టుకొని దాని పతనమును వీక్షింపుమనుట ఎంతటి శిక్షయో ఊహింపుడు. "మామా, పడనీ! పడినంక కొట్టు!" అని మేనల్లుడు అరచుచునే యుండెను; నేను ఎగిరి కొట్టుచునే యుంటిని.

అంతకు మించిన చిక్కు వంటిల్లు. వలకు ఇరువైపుల ఏడేసి అడుగుల మేర నిజముగానే ఆ పేరుతో వ్యవహరింతురు. బంతి అందు పడినచో లోనికేగి కొట్టవచ్చును. గాలిలో నున్నదానిని కొట్టునప్పుడు మాత్రము కాలు ఆ గీతనైనను తాకరాదు. కొట్టిన ఊపున తూలి పిదప అడుగు లోన పడినను తప్పే. మా అవ్వ మడికట్టుకొన్ననాటి వంటింటికిని ఇదియే శాసనము; "తూలితినవ్వా" అన్న సంజాయిషీ అక్కడను చెల్లలేదు.

పాయింటు సర్వీసు చేయువారికే దక్కునుగాని, వారు జవాబు నేల తాకువరకు వెనుక నిలువవలసి యుండగా, ఎదిరి పక్షము ముందే వలకడకు చేరును. అప్పుడు మూడవ దెబ్బను బలముగా కొట్టుట అవివేకము. దానిని ఎదిరివారి వంటింటిలో మెల్లగా దించినగాని మనకు ముందునకు వచ్చు వ్యవధి చిక్కదు. ఈ విద్య నాకు మేనల్లునివలన అబ్బలేదు. ఒకనాటి రాత్రి మా ఇంటిది జొన్నరొట్టెను పెనముమీద వేయుట గమనించితిని: మణికట్టు కదలదు, వ్రేళ్ళు బిగియవు, రొట్టె విసరినట్లు గాక జారినట్లు పడును. మరునాటినుండి గోడకెదురుగా నిలిచి అదే చేతితో అభ్యసించితిని. బండల అతుకులపై బంతి వంకరపోవుట వేరుమాట. ఓటమికి అదియొక సాకుగా మిగిలినది.

నిన్న 11–9తో ఓడితిని. వంటింటి తప్పులు రెండే.